ఎవరికి తెలిసింది వాళ్ల దగ్గరే: ఇంగ్లండ్ రక్షణ బోర్డుల వెనక కథ

వయసు మీదపడినవాళ్లను, వికలాంగులను, జబ్బు మనుషులను అయినవాళ్లో చూసుకునేవాళ్లో హింసిస్తే ఏం చేయాలో చెబుతూ 2000లో ఇంగ్లండ్‌లో ‘నో సీక్రెట్స్’ మార్గదర్శకాలు వచ్చాయి. కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వ సంస్థ) ముందుండాలి, పోలీసులు, ఆస్పత్రులు కలిసిరావాలి అన్నారు. పిల్లల రక్షణకున్నట్టు దీనికి చట్టం దన్ను మాత్రం లేదు.

2006 జులైలో కార్న్‌వాల్‌లోని సెయింట్ ఆస్టెల్‌లో మేధోవైకల్యం ఉన్న వ్యక్తిని, స్నేహం పేరుతో ఇంట్లో చేరినవాళ్లే హింసించి చంపారు. అంతకు ముందు ఏడాది ‘నాకు సాయం అక్కర్లేదు’ అని అతను చెబితే సేవలు ఆపేశారు. ఎందుకు వద్దంటున్నాడో ఆరా తీయలేదు.

2011లో బ్రిస్టల్ దగ్గరి వింటర్‌బోర్న్ వ్యూ ప్రైవేటు ఆస్పత్రిలో సిబ్బంది రోగులను కొట్టడం బీబీసీ రహస్య కెమెరాకు చిక్కింది. తర్వాత సమీక్షలో తేలిందేమిటంటే, 2008 నుంచి అక్కడి రోగులు 78 సార్లు ఎమర్జెన్సీకి వెళ్లారు, 29 ఘటనలు పోలీసుల దాకా వచ్చాయి, కౌన్సిల్‌కు 40 హెచ్చరికలు అందాయి. దేనికదే విడి ఘటన అనుకున్నారు. మూడు లెక్కలూ ఒక్కచోట పెట్టి చూసినవాళ్లు లేరు. నా దృష్టిలో అసలు వైఫల్యం ఇదే.

2014 కేర్ చట్టం 2015 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. ఇలాంటివాళ్ల రక్షణ కోసం సంస్థలన్నీ కలిసి కూర్చునే బోర్డును ప్రతి కౌన్సిల్ పెట్టి తీరాలంది. కౌన్సిల్, పోలీసు, ఆరోగ్య సేవల సంస్థ ఈ మూడూ బోర్డులో తప్పనిసరి. బోర్డు ఒక్కొక్క కేసును విచారించదు, ఆ పని కౌన్సిల్‌ది. మనిషికి సంరక్షణ అవసరం ఉండి, హింసో నిర్లక్ష్యమో జరుగుతోందని అనుమానం కలిగి, ఆ అవసరం వల్లే తనను తాను కాపాడుకోలేకపోతే, 42వ సెక్షన్ కింద విచారణ జరిపి తీరాలి. బాధితులు ఏం కోరుకుంటున్నారో ముందు అడగాలి. హింస వల్లో నిర్లక్ష్యం వల్లో ప్రాణం పోయిందని అనుమానముండి, సంస్థలు కలిసి పనిచేసిన తీరు మీద సందేహముంటే, బోర్డు 44వ సెక్షన్ కింద సమీక్ష జరపక తప్పదు.

ఇప్పటికీ ఒక పెద్ద లోటుంది. ‘అమ్మ ఎవరినీ కలవదు’ అని కొడుకు గుమ్మంలో అడ్డం నిలబడితే, స్కాట్లండ్‌లో 2007 చట్టం ప్రకారం కోర్టు వారంటు తెచ్చుకుని లోపలికి వెళ్లొచ్చు. ఇంగ్లండ్ సామాజిక కార్యకర్తకు కేర్ చట్టం ఆ అధికారం ఇవ్వలేదు.

అక్కడి కేర్‌హోముల్లో పనిచేసే తెలుగువాళ్లకు వీసా యజమాని చేతిలో ఉందన్న భయం ఉంటుంది. మేనేజర్ మీదే అనుమానముంటే నేరుగా కౌన్సిల్‌కు చెప్పొచ్చు. తేదీ, సమయం, కమిలిన చోటు, బాధితులు అన్న మాటలు ఉన్నవున్నట్టు ఆరోజే రాసిపెట్టండి. వాళ్లను గుచ్చిగుచ్చి అడగకండి, రక్తం మరకల బట్టలు ఉతకకండి.