గింజ నుంచి నిమ్మ చెట్టు: నేను రోజూ వినే అపోహలు

మొక్కలకు అంట్లు కట్టడం నా పని. అందువల్ల గింజ మొక్కలంటే నాకు గిట్టదని చాలామంది అనుకుంటారు. నిజానికి నా దగ్గర ఉన్న కుండీల్లో సగం గింజ వేసి పెంచినవే. నిమ్మజాతి గింజ గురించి జనంలో ఉన్న మాటల్లో కొన్ని అరనిజాలు, కొన్ని పూర్తిగా తప్పు.

అపోహ: గింజ వేస్తే తల్లి చెట్టు లాంటి కాయలు రావు

ఆపిల్ విషయంలో ఈ మాట నిజం. నిమ్మజాతిలో చాలా రకాలకు వర్తించదు.

ఒక బత్తాయి గింజను రాత్రంతా నానబెట్టి, పైనున్న గట్టి తొక్కను గోటితో ఒలవండి. లోపల పలుచని గోధుమరంగు పొర ఉంటుంది. దాన్ని కూడా తీస్తే చిన్నవి, పెద్దవి, వంకరటింకర ముక్కలు ఒకదానికొకటి అతుక్కుని కనిపిస్తాయి. అవన్నీ వేర్వేరు పిండాలు. ఒక్క గింజ పాతితే రెండు మూడు మొలకలు రావడానికి కారణం ఇదే. నారింజ గింజలో ఒకటికి మించి పిండాలు ఉంటాయని సూక్ష్మదర్శినితో పరిశోధనలు చేసిన డచ్ శాస్త్రవేత్త ల్యూవెన్‌హుక్ 1719లోనే గమనించాడు. వాటిలో పుప్పొడి కలిసి పుట్టేది ఒక్కటే. మిగతావి గింజలోని తల్లి కణజాలం నుంచే నేరుగా పెరుగుతాయి, తండ్రి ఊసే ఉండదు. అంటే అవి తల్లి చెట్టుకు అచ్చమైన నకళ్లు.

బత్తాయి, గ్రేప్‌ఫ్రూట్, కాగితపు నిమ్మ, చాలా రకాల కమలాలు ఈ కోవలోకే వస్తాయి. పంపర పనస, మాదీఫలం, క్లెమెంటైన్ అనే కమలా రకం అలా కాదు. వాటి గింజలో ఒకటే పిండం, కాబట్టి ప్రతి మొక్కా కొత్తదే. పంపర పనస గింజ వేసి అదే రుచి కావాలంటే నేనేమీ చేయలేను.

మరి నకలు ఏదో, సంకరం ఏదో ఎలా తెలుస్తుంది? ఒకటి రెండు గింజలతో తెలియదు. పది పదిహేను వేయండి. నాలుగైదు ఆకులు వచ్చాక నారును పక్కపక్కన పెట్టి చూస్తే చాలావరకు ఒకే తీరులో ఉంటాయి. ఆకు ఆకారంలోనో ఎత్తులోనో గుంపుకు భిన్నంగా ఉన్నవాటిని, గిడసబారినవాటిని తీసేస్తే మిగిలినవి దాదాపుగా తల్లి పోలికే. ఇందులో మరో లాభం కూడా ఉంది. నిమ్మజాతి వైరస్‌లలో ఎక్కువ శాతం గింజ ద్వారా పాకవు. అందుకే తెగుళ్ల బారిన పడిన పాత రకాలను శుభ్రం చేయడానికి తోట శాస్త్రవేత్తలు ఈ నకలు మొక్కలనే వాడుకున్నారు.

అపోహ: గింజలను బాగా ఎండబెట్టి దాచి, అదను చూసి వేయాలి

ఎండితే చచ్చిపోతాయి. పండు కోసిన రోజే గింజ కడిగి, జిగురు పోగొట్టి, ఒక సెంటీమీటరు లోతున పెట్టండి. 25 నుంచి 30 డిగ్రీల వెచ్చదనంలో రెండు నుంచి నాలుగు వారాల్లో మొలుస్తాయి. ఆలస్యమయ్యేటట్లయితే తడి కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో ఉంచండి.

అపోహ: ఐదేళ్లయినా కాయలేదంటే అది మగ చెట్టు

బొప్పాయిలో మగ చెట్లు ఉంటాయి, నిమ్మలో ఉండవు. పాపం, ఈ ఒక్క మాటతో ఎన్ని చెట్లు గొడ్డలికి బలయ్యాయో!

గింజ మొక్కకు బాల్యం ఉంటుంది. ఆ బాల్యం తీరేదాకా ఎంత ఎరువు పోసినా పూయదు. కాగితపు నిమ్మకు సుమారు మూడు నుంచి ఆరేళ్లు, బత్తాయికి ఏడెనిమిదేళ్లు, ఒక్కోసారి పదేళ్లు దాటవచ్చు. అంటు మొక్క రెండు మూడేళ్లకే కాస్తుంది కదా అంటారు. దానికి కట్టిన కన్ను, అంటే కొమ్మ మీద చిగురు పుట్టే మొగ్గ, వయసొచ్చిన చెట్టుది, మొక్క చిన్నదే కానీ కన్ను పెద్దది. వాషింగ్టన్ నేవల్ నారింజకు గింజలే ఉండవు. 1873లో కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్‌కు చేరిన ఆ రకం చెట్టు ఒకటి ఇప్పటికీ బతికే ఉంది. దాని సంతతి అంతా కన్ను నుంచి కన్నుకు వచ్చిందే, బాల్యం దాటి ఎన్నో దశాబ్దాలైంది. అదే గింజ మొక్క కన్ను తీసి ముసలి చెట్టు మీద కట్టినా అది పసిదే.

ఇక్కడే అందరూ చేసే తప్పు ఒకటుంది. ఒకావిడ తన గింజ మొక్కను ఏటా తల కత్తిరించి నడుము ఎత్తున ఎంతో ముచ్చటగా పెంచారు. పదకొండేళ్లయినా ఒక్క మొగ్గ లేదు. కొమ్మ చివర కణుపు మీద కణుపు పేరుకుంటూ ఎత్తుకు పోయే కొద్దీ చెట్టుకు ఈడు వస్తుంది. ఏటా ఆ చివరనే కోస్తే లెక్క మళ్లీ కింది నుంచి మొదలవుతుంది. మొదటి పూత వచ్చేవరకు తల జోలికి పోకండి. పైకొమ్మల్లో ముళ్లు పొట్టివవుతున్నాయంటే ఈడు దగ్గరపడుతున్నట్టే.

అపోహ: అంటు మొక్క కొన్నాళ్లకు అడవి నిమ్మగా మారిపోతుంది

మారదు. అతుకు కింద నుంచి, అంటే కన్ను కట్టడానికి వాడిన కింది మొక్క (వేరుమూలం) నుంచి లేచిన చిగురు పైకొమ్మను మింగేసిందన్నమాట. అతుకు ఎప్పుడూ మట్టికి పైనే ఉండాలి. దాని కింద వచ్చే ప్రతి చిగురునూ లేతగా ఉండగానే గిల్లేయాలి.

అపోహ: ఆకులు పసుపైతే ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం ఉప్పు) వేయాలి

ముందు మట్టిలో వేలు పెట్టండి. రెండు కణుపుల లోతున తడి తగులుతుంటే, అదీ రోజుల తరబడి, అప్పుడు సమస్య వేళ్లది. ఉప్పు వేస్తే ఇంకా చేటు. మట్టి సరిగా ఉంటే ఆకును వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపైతే సాధారణంగా ఇనుము లోపం. ముదురు ఆకుల్లో తొడిమ దగ్గర మాత్రం తలకిందుల వి ఆకారంలో పచ్చదనం మిగిలితే మెగ్నీషియం లోపం. ఎప్సమ్ సాల్ట్ పని ఈ ఒక్కచోటే. ముదురు ఆకులు మొత్తంగా పాలిపోతే నత్రజని చాలడం లేదు.

కుండీ అడుగున రాళ్లు పరిస్తే నీరు బాగా దిగుతుందనేదీ అపోహే. నీరు రాళ్ల పైన ఉన్న మట్టిలోనే ఆగుతుంది, వేళ్లకు చోటు తగ్గుతుంది. కన్నం ఉంటే చాలు.

అపోహ: పిందె రాలిందంటే రోగం పట్టినట్టే

నిమ్మ చెట్టు మోయగలిగిన దానికంటే చాలా ఎక్కువ పూస్తుంది. వంద పూలలో కొన్ని మాత్రమే కాయలవుతాయి. ఆకులు బాగుంటే రాలనివ్వండి.

ఆకుల మీద పిట్ట రెట్టలా కనిపించేదాన్ని మాత్రం దగ్గరగా చూడండి. అది కదిలితే సీతాకోకచిలుక పురుగు. వేలితో తాకితే తల వెనుక నుంచి నారింజ రంగు కొమ్ములు రెండు బయటపెట్టి, ఘాటైన వాసన వదులుతుంది. అడుగెత్తు నారును రెండు మూడు పురుగులు కలిసి వారంలో మోడు చేయగలవు. నేను వాటిని ఆకుతో సహా తుంచి, మూలనున్న పెద్ద జంబేరి నిమ్మ చెట్టు మీద వదిలేస్తాను. దానికి నాలుగు ఆకులు పోయినా లెక్కలేదు.