7.1 నిజమా, 7.8 నిజమా? మూడు నెలల షుగర్ టెస్ట్ వెనకున్న కథ

మా నాన్న షుగర్ ఫైల్ ఒక పాత పట్టుచీరల దుకాణం కవర్లో ఉంటుంది. పదిహేనేళ్ల రిపోర్టులు. సగం చీటీల్లో అక్షరాలు వెలిసిపోయాయి, పిన్నులు తుప్పు పట్టాయి, మధ్యలో ఎందుకో ఒక కరెంటు బిల్లు కూడా ఉంది. మొన్న వేసవిలో వారం తేడాతో రెండు ల్యాబుల్లో హెచ్‌బీఏ1సీ చేయించాం, అదే మూడు నెలల షుగర్ ఎలా ఉందో చెప్పే ఏ1సీ పరీక్ష. ఒకచోట 7.1, ఇంకోచోట 7.8. మొదటిది చూసి నాన్న ఆ పూట బంగినపల్లి ఒకటి తిన్నారు. రెండోది చూసి అమ్మ మిగిలిన పళ్లన్నీ పక్కింటికి పంపేసింది. "రక్తం నాదే కదరా, ఇందులో ఏది అబద్ధం?" అని నాన్న అడిగారు.

రెండూ అబద్ధం కాకపోవచ్చు. ఎందుకో చెప్పాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

అరవై దాటినవాళ్లలో కొందరికి బెనెడిక్ట్ పరీక్ష గుర్తుండే ఉంటుంది. గాజు గొట్టంలో నీలం ద్రావణం పోసి, ఎనిమిది చుక్కల మూత్రం వేసి మరిగించేవారు. ఆకుపచ్చగా మారితే కాస్త షుగర్ ఉన్నట్టు, ఇటుక రంగుకు తిరిగితే బాగా ఉన్నట్టు. చవకైన పరీక్షే కానీ, రక్తంలో షుగర్ సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే తప్ప మూత్రంలోకి దిగదు. అంటే 170 ఉన్న మనిషికి గొట్టంలో నీలమే కనిపించేది.

రక్తంలోనే కొలిచే పద్ధతుల్లో చాలాకాలం రాజ్యమేలింది ఫోలిన్-వూ పద్ధతి. 1920లో హార్వర్డ్‌లో ఆటో ఫోలిన్, చైనా నుంచి వచ్చిన హ్సియెన్ వూ కలిసి దానికి రూపమిచ్చారు. ఇక్కడ మన మనిషిని తలుచుకోకుండా ముందుకు పోలేను. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు తర్వాత కొద్ది ఏళ్లకే ఫోలిన్ నడిపిన ఆ విభాగంలోనే పనిచేశారు. సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఆయన ప్రచురించిన ఫాస్ఫరస్ కొలత పద్ధతి ఫిస్కే-సుబ్బారావు పేరుతోనే పాఠ్యపుస్తకాలకు ఎక్కింది. మనం ఆయన్ని మందుల శాస్త్రవేత్తగా గుర్తుపెట్టుకున్నాం. రక్తంలో ఉన్నదాన్ని రంగుగా మార్చి, ఆ రంగును అంకెగా చదివే విద్యలోనూ ఆయన చెయ్యి ఉంది.

ఫోలిన్-వూ పద్ధతికి ఒక జబ్బుండేది. రక్తంలో చక్కెరలా ప్రవర్తించే వేరే పదార్థాలను కూడా కలిపి లెక్కేసేది. ఆ తర్వాత గ్లూకోజ్‌ను మాత్రమే పట్టుకునే ఎంజైమ్ పరీక్షలు రావడంతో ఆ గొడవ తీరింది. తీరనిది ఇంకోటుంది. సూది గుచ్చిన ఆ నిమిషంలో షుగర్ ఎంతుందో తెలుస్తుంది, అంతే. డాక్టర్ అపాయింట్‌మెంట్‌కు నాలుగు రోజుల ముందు నుంచి కాకరకాయ రసం, జొన్నరొట్టె, సాయంత్రం నడక మొదలుపెట్టే పేషెంట్లు మన ఇళ్లలో ఉన్నారు కదా. ఫాస్టింగ్ చూస్తే వాళ్లంతా బుద్ధిమంతులే.

ఆ దొంగాట టెహ్రాన్‌లో, అనుకోకుండా బయటపడింది. 1960ల చివర్లో శామ్యూల్ రహబర్ అనే ఇరాన్ వైద్యుడు టెహ్రాన్ విశ్వవిద్యాలయంలో రక్తంలోని హీమోగ్లోబిన్ రకాల మీద పనిచేస్తున్నాడు. షుగర్ ఆయన సబ్జెక్టే కాదు. జెల్ మీద రక్తం నమూనా పెట్టి కరెంటు పంపిస్తే ఒక్కో రకం హీమోగ్లోబిన్ ఒక్కో వేగంతో జరిగి చారగా నిలుస్తుంది. కొన్ని నమూనాల్లో మామూలుకన్నా ముందుకు పరిగెత్తిన చార ఒకటి కనిపించింది. ఆ నమూనాలు ఎవరివని చూస్తే షుగర్ పేషెంట్లవి. 1968లో ఆ సంగతి అచ్చు వేయించి, మరుసటి ఏడాది న్యూయార్క్‌లో హెలెన్ రానీతో కలిసి ఆ చార ఏమిటో తేల్చాడు. దశాబ్దం కిందటే నెదర్లాండ్స్‌లో హుయిస్మన్, మెయెరింగ్ అనే ఇద్దరు వేరుచేసి పెట్టిన ఏ1సీ ముక్కే అది. వాళ్లకు అప్పట్లో దానికీ షుగర్‌కూ ఉన్న సంబంధం తట్టలేదు. 1979 విప్లవం తర్వాత రహబర్ అమెరికా వెళ్లిపోయి కాలిఫోర్నియాలో పరిశోధన సాగించాడు.

లోపల జరిగేది ఊరగాయ వ్యవహారమే. ముక్క జాడీలో ఎన్నాళ్లుంటే, కారం ఎంత ఘాటుగా ఉంటే, అంత పడుతుంది. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. అన్నాళ్లూ దాని చుట్టూ ఉన్న గ్లూకోజ్ హీమోగ్లోబిన్‌కు అంటుకుంటూ పోతుంది, ఊడదు. 1976లో రోనాల్డ్ కోనిగ్, ఆంథొనీ సెరామీ బృందం ఐదుగురు పేషెంట్లను ఆసుపత్రిలో ఉంచి షుగర్‌ను అదుపులోకి తెస్తే, ఆ తర్వాత వాళ్ల ఏ1సీ కూడా మెల్లగా దిగింది. మన వాళ్లు 'మూడు నెలల షుగర్' అని పెట్టిన పేరు అక్షరాలా సరిపోతుంది. కాకపోతే చివరి నెల వాటా అందులో ఎక్కువ.

ఇక ఏడు అనే గీత ఎవరు గీశారు? 1983లో అమెరికా, కెనడాల్లోని 29 కేంద్రాల్లో టైప్-1 పేషెంట్లు 1,441 మందితో డీసీసీటీ అనే పెద్ద అధ్యయనం మొదలైంది. సగం మందికి షుగర్‌ను గట్టిగా అదుపు చేశారు, సగం మందికి అప్పటి మామూలు వైద్యం. ఒక గుంపు ఏ1సీ ఏడు దగ్గర, రెండోది తొమ్మిది దగ్గర నిలిచింది. 1993లో ఫలితాలు వచ్చాయి. గట్టిగా అదుపు చేసినవాళ్లలో కంటి రెటీనా జబ్బు కొత్తగా వచ్చే ముప్పు 76 శాతం తగ్గింది. 1998లో బ్రిటన్ అధ్యయనం యూకేపీడీఎస్ టైప్-2కూ దాదాపు ఇదే దారి చూపింది.

అందరూ చెప్పే కథ ఇంతవరకే. నాకు ఆసక్తి అనిపించేది దాని పక్కనున్న ల్యాబ్ కథ. డీసీసీటీలో 29 కేంద్రాలూ తమ తమ ల్యాబుల్లో ఏ1సీ చేసుకోలేదు. రక్తమంతా మిస్సోరి విశ్వవిద్యాలయంలోని ఒకే ల్యాబుకు వెళ్లేది. ఎందుకంటే అప్పట్లో ఒక్కో ల్యాబు ఒక్కోదాన్ని కొలిచేది. కొందరు ఏ1సీ ఒక్కదాన్నే, కొందరు ఏ1 మొత్తాన్ని, ఇంకొందరు చక్కెర అంటిన హీమోగ్లోబిన్ అంతటినీ. పేర్లు దగ్గర దగ్గరగా ఉన్నా అంకెలు ఎక్కడెక్కడో. కాబట్టి 1993లో "ఏడుకు తీసుకురండి" అని ప్రపంచానికి చెప్పినప్పుడు, అది మిస్సోరి ల్యాబు ఏడు. మీ ఊరి ల్యాబు ఏడు కాదు.

దాన్ని సరిచేయడానికి, అందరి అంకెలనూ ఒకే కొలతకు తెచ్చేందుకు 1996లో ఎన్‌జీఎస్‌పీ అనే కార్యక్రమం మొదలైంది. కేంద్రం మళ్లీ మిస్సోరీయే. మెషీన్లు తయారుచేసే కంపెనీ ఏదైనా తన అంకె డీసీసీటీ అంకెతో సరితూగుతుందని ఏటా నిరూపించుకోవాలి. ఇవాళ మన రిపోర్టు అడుగున చిన్న అక్షరాల్లో 'ఎన్‌జీఎస్‌పీ సర్టిఫైడ్' అని కనిపించేది ఇదే. అది మెషీనుకు ఇచ్చిన యోగ్యతాపత్రం. ఆ పూట దాన్ని నడిపిన చేతులకు వర్తించదు.

ఇంతలో అంతర్జాతీయ క్లినికల్ కెమిస్ట్రీ సంఘం ఐఎఫ్‌సీసీ ఇంకా శుద్ధమైన పద్ధతి తయారుచేసి 2002లో ప్రకటించింది. దాంతో చిక్కొచ్చి పడింది. కొత్త పద్ధతిలో కొలిస్తే పాత 7.0 కాస్తా 5.3 అవుతుంది. శాస్త్రం ప్రకారం అదే సరైనది. కానీ పేషెంట్ చేతిలో 5.3 పెడితే ఇంకేముంది, స్వీటు షాపుకే. చివరికి యూనిట్లు మార్చి గొడవ తప్పించారు. కొత్త లెక్కను మిల్లీమోల్స్‌లో రాస్తే పాత 7 శాతం 53 అవుతుంది, 6.5 శాతం 48 అవుతుంది. 53నీ 7నీ ఎవరూ కలగాపులగం చేసుకోరు కదా. అందుకే లండన్‌లో ఉండే మన పిల్లలు "నాన్నా, నీ ఏ1సీ ఎంత?" అని అడిగి 7.1 అని వింటే ఒక్క క్షణం ఆగి లెక్కేసుకుంటారు.

ఇప్పుడు మా నాన్న ప్రశ్నకు వద్దాం. అమెరికా ప్యాథాలజిస్టుల కాలేజీ ల్యాబులకు పెట్టే పరీక్షలో అసలు విలువకు అటూ ఇటూ 6 శాతం దాకా తేడాను ఒప్పుకుంటారు. అసలు విలువ 7.4 అనుకోండి. అందులో 6 శాతం సుమారు 0.44. అంటే 7.0 నుంచి 7.8 దాకా ఏం వచ్చినా ల్యాబు పాసే. మా రెండు ల్యాబులూ నిజాయితీగానే పనిచేసి ఉండొచ్చు. మామిడిపళ్లు మాత్రం అన్యాయంగా పోయాయి.

మన దగ్గర ఇంకో మెలిక ఉంది. అమెరికా డయాబెటిస్ సంఘం 2010లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఏ1సీ 6.5 గానీ అంతకు మించి గానీ ఉంటే షుగర్ జబ్బుగా తేల్చవచ్చని ఒప్పుకున్నాయి. ఆ లెక్కంతా ఎర్రకణం మామూలుగా 120 రోజులు బతుకుతుందన్న నమ్మకం మీద నడుస్తుంది. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఐరన్ లోపం ఉంటే షుగర్ పెరగకుండానే ఏ1సీ కాస్త పైకి చూపించవచ్చు. పాడేరు, అరకు వైపు, ఆదిలాబాద్ గిరిజన గ్రామాల్లో సికిల్ సెల్ ఉంది, ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు. ఆ జబ్బు పూర్తిగా ఉన్నవాళ్లలో 'ఏ' అనే మామూలు రకం హీమోగ్లోబిన్ ఉండదు, కణాలూ త్వరగా చచ్చిపోతాయి. వాళ్లకు ఏ1సీ రిపోర్టు ఇవ్వడమే తప్పు.

ఇది మెషీనుకు తెలియదా అంటే, చాలాసార్లు తెలుస్తుంది. హీమోగ్లోబిన్ రకాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ మెషీన్ ఒక్కో శాంపిల్‌కు ఒక గ్రాఫ్ గీస్తుంది. ఎడమవైపు చిన్న చిన్న గుట్టలు, వాటిలో ఏ1సీ ఒకటి, కుడివైపు చక్కెర అంటని మామూలు హీమోగ్లోబిన్, అంటే 'ఏ0', పెద్ద కొండ. వేరే రకం హీమోగ్లోబిన్ ఉంటే ఆ కొండకు అవతల ఇంకో శిఖరం లేస్తుంది. ఒక ల్యాబులో టెక్నీషియన్ నాకు ఈ గ్రాఫ్ చూపించి, వేలితో ఆ రెండో శిఖరాన్ని తడుతూ, "ఇది వస్తే మేం మేడమ్‌ని పిలుస్తాం సార్, రిలీజ్ చేయం" అన్నాడు. పేషెంట్ చేతికి వచ్చే కాగితం మీద మాత్రం ఆ గ్రాఫ్ చాలాచోట్ల ఉండదు. 7.1 ఉంటుంది.

మామూలు గ్లూకోజ్‌కు ఉన్న చిక్కు వేరు. సీసాలోకి చేరినా రక్తకణాలు ఆకలితోనే ఉంటాయి. గంటకు 5 నుంచి 7 శాతం షుగర్‌ను తినేస్తాయి. బూడిద రంగు మూత ట్యూబులో ఫ్లోరైడ్ వేసేది దీన్ని ఆపడానికే. కానీ ఆ ఫ్లోరైడ్ పనిచేయడం మొదలుపెట్టేసరికి గంటో, రెండు గంటలో పడుతుంది. 2018లో హైదరాబాద్‌లో మొదలైన తెలంగాణ డయాగ్నొస్టిక్స్ లాంటి ఏర్పాటులో బస్తీ దవాఖానాలో తీసిన రక్తం వాహనమెక్కి పెద్ద ల్యాబుకు వెళ్తుంది, రిపోర్టు ఫోన్‌కు వస్తుంది. పేదవాడికి ఇది పెద్ద మేలే. అయితే శాంపిల్ తీసిన టైమ్, మెషీన్ ఎక్కించిన టైమ్ రెండూ రికార్డులో పడితేనే ఆ అంకె విలువ తెలుస్తుంది. ఇక్కడి నుంచి కథ ల్యాబు దాటి కంప్యూటర్లోకి వెళ్తుంది.

కంప్యూటర్ మెడికల్ రికార్డుల్లో తొలి తరం వాటిలో ఒకటి పుట్టింది షుగర్ క్లినిక్‌లోనే. 1972లో ఇండియానాపొలిస్‌లో రీగన్‌స్ట్రీఫ్ సంస్థ తరఫున క్లెమ్ మెక్‌డొనాల్డ్ దాన్ని మొదలుపెట్టాడు. 1976లో ఆయన ప్రచురించిన ఒక ప్రయోగం ఇప్పటికీ చదవదగ్గది. పేషెంట్‌కు ఏదో టెస్ట్ బాకీ ఉందనో, మందు మార్చాలనో కంప్యూటర్ ఒక చీటీ ఇస్తే డాక్టర్లు 51 శాతం సందర్భాల్లో స్పందించారు. చీటీ లేకపోతే 22 శాతమే. వాళ్లకు తెలియక కాదు, రద్దీలో మనిషి బుర్ర అన్నీ మోయలేదని ఆయన తేల్చాడు. మన ఓపీల్లో గంటకు ఎంతమందిని చూస్తారో తెలిసినవాళ్లెవరికైనా ఇది కొత్తగా అనిపించదు.

అదే సంస్థ 1994లో లోయింక్ అనే సంకేతాల పట్టిక మొదలుపెట్టింది. ఒక ల్యాబు 'ఏ1సీ' అని, ఇంకోటి 'గ్లైకేటెడ్ హీమోగ్లోబిన్' అని, మరోటి 'జీహెచ్‌బీ' అని రాస్తే కంప్యూటర్‌కు అవి మూడు టెస్టులు. లోయింక్‌లో ఏ1సీ శాతానికి 4548-4 అని ఒక నంబరు. మిల్లీమోల్స్‌లో అయితే వేరే నంబరు. విసుగు పుట్టించే పనే, కానీ అది లేకుండా రెండు ఆసుపత్రుల షుగర్ రికార్డులు కలపలేం.

కలిపితే ఏమవుతుందో స్కాట్లాండ్‌లోని టేసైడ్ చూపించింది. నాలుగు లక్షలకు కాస్త తక్కువ జనాభా ఉన్న ఆ ప్రాంతంలో 1990ల మధ్యలో మందుల చీటీలు, ల్యాబు ఏ1సీలు, కంటి పరీక్షల వ్యాను రికార్డులు, ఆసుపత్రి క్లినిక్కులు అన్నింటినీ ఒక్కో మనిషికి ఉన్న పదంకెల ఆరోగ్య నంబరుతో ముడివేశారు. సుమారు 7,600 మంది షుగర్ పేషెంట్ల జాబితా తేలింది. ఫ్యామిలీ డాక్టర్లు రాసుకున్న జాబితాల్లో లేనివాళ్లు కూడా అందులో దొరికారు. ఆ పద్ధతి తర్వాత స్కాట్లాండ్ అంతటికీ పాకింది. న్యూయార్క్ నగరం ఇంకో దారి పట్టింది. 2006 నుంచి ల్యాబులన్నీ ఏ1సీ ఫలితాలను నగర ఆరోగ్యశాఖకు పంపాలని రూలు పెట్టింది. అంటువ్యాధి కాని జబ్బుకు మా పేర్లెందుకని అక్కడ పెద్ద రగడే జరిగింది. ఆ ప్రశ్న నాకు సబబుగానే అనిపిస్తుంది. షుగర్ రిపోర్టు ఇన్సూరెన్స్ కంపెనీ కంటపడితే ఏమవుతుందో మనకూ తెలుసు.

మన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్లని 2023లో ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం అంచనా వేసింది. కాగితం మీద మనం వెనకబడి లేం. 2013లో, మళ్లీ 2016లో కేంద్రం ఎలక్ట్రానిక్ రికార్డుల ప్రమాణాలు ప్రకటించింది, లోయింక్ వాడమని అందులోనే ఉంది. 2021 సెప్టెంబర్‌లో ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతటా మొదలైంది, ఒక్కో మనిషికి ఆభా అనే పద్నాలుగు అంకెల ఆరోగ్య నంబరు వచ్చింది. మా నాన్నకూ ఉంది. దాన్ని లామినేట్ చేయించి పర్సులో పెట్టుకున్నారు.

అయితే ఆయన రిపోర్టులు వచ్చేది వాట్సాప్‌లో, పీడీఎఫ్‌గా. మనిషి కంటికి అందులో 7.1 కనిపిస్తుంది, పక్కనే ఉన్న ఇంకో పీడీఎఫ్‌లో 7.8 కనిపిస్తుంది. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి గీత గీయమంటే కంప్యూటర్‌కు చేతకాదు. దాని దృష్టిలో అవి ఫొటోల్లాంటివే. డబ్బంతా కొత్త మెషీన్ల మీద పోతోంది. ఆ మెషీన్లోంచి వచ్చిన అంకె ఏ పద్ధతిలో, ఏ టైమ్‌కు, ఎంత హీమోగ్లోబిన్ ఉన్న రక్తంలోంచి వచ్చిందో వెంట మోసుకెళ్లే తీగ మాత్రం ల్యాబు గుమ్మం దగ్గరే తెగిపోతోంది.

గత నెల ఒక ఆదివారం కూర్చుని ఆ చీరల కవర్లోని కాగితాలన్నీ ఎక్సెల్‌లో ఎక్కించాను. పదకొండు ఏ1సీలు దొరికాయి. పద్ధతి పేరు రాసినవి నాలుగు. శాంపిల్ తీసిన టైమ్ ఉన్నవి రెండు. ఏ ఒక్కదాని పక్కనా అదే రోజు హీమోగ్లోబిన్ లేదు. ప్రింట్ తీసి ఇస్తే డాక్టరుగారు చూసి, ఈసారి నుంచి ఒకే ల్యాబులో చేయించమని, దాంతోపాటు హీమోగ్లోబిన్ కూడా తెలిసే రక్తకణాల పరీక్ష సీబీపీ కూడా అని రాశారు. నాన్న దారిలో అడిగారు, "మరి ఇంతకీ ఏడు పాయింట్ ఎంతని చెప్పారు?" 

"7.4 అనుకో నాన్నా" అన్నాను.