పందికి మత్తు: అరవై ఏళ్ల చిక్కు

పందికి ఏ మత్తు ఇంజెక్షన్ సురక్షితమని అడిగితే, అనుభవమున్న పశువైద్యులు ఒక్క మందు పేరు చెప్పి ఊరుకోరు. రెండు మూడు కలిపి ఇవ్వాలంటారు. ఆ జాగ్రత్త ఊరికే రాలేదు.

హాలోథేన్ అనే పీల్చే మత్తు 1956లో మనుషుల ఆపరేషన్లలోకి వచ్చింది. తర్వాత పశువైద్యులూ అందుకున్నారు. 1966లో కేంబ్రిడ్జ్‌కు చెందిన హాల్, ఆయన సహచరులు ఒక భయంకరమైన సంగతి ప్రచురించారు. హాలోథేన్ మత్తులో ఉన్న పందులకు కండరాలు సడలాలని సక్సామెథోనియం ఇస్తే, కాళ్లు కట్టెల్లా బిగుసుకుపోయి ఒంటి వేడి ప్రాణాంతకంగా పెరిగింది. మనుషుల్లో ఇదే ముప్పును మెల్‌బోర్న్ వైద్యులు 1960లోనే గుర్తించారు. దానికి డాంట్రోలీన్ విరుగుడని 1975లో దక్షిణాఫ్రికా వైద్యుడు హారిసన్ తేల్చింది పందుల మీదే. వాటివల్ల ఇంత మేలు పొందాక, వాటి నొప్పిని తేలిగ్గా తీసుకునే హక్కు మనకు లేదు.

ఈ ముప్పుకు కారణమైన లోపం జన్యువులో ఉంది. పియట్రేన్, ల్యాండ్‌రేస్ లాంటి జాతుల్లో కండ ఎక్కువున్న వాటినే ఏరి పెంచుతూ పోతే, కండతో పాటు అదీ వ్యాపించింది. 1970ల్లో పందిపిల్లలకు కాసేపు హాలోథేన్ పట్టి చూసి, కాళ్లు బిగిసిన వాటిని పెంపకం నుంచి తప్పించేవారు. 1991లో టొరంటో పరిశోధకులు ఆ జన్యు మార్పును పట్టుకున్నాక రక్తపరీక్షే సరిపోయింది.

అలాంటి పందికి ముప్పు రావడానికి మత్తు గ్యాసే అక్కర్లేదు. తరమడం, లారీ ఎక్కించడం, పెనుగులాట చాలు, ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ముందు దాని టెన్షన్ తగ్గించాలి. బెల్జియంలోని జాన్సెన్ కంపెనీ తెచ్చిన అజపెరోన్ ఆ పని చేస్తుంది కానీ నొప్పి ఆపదు. 1962లో అమెరికాలో తయారైన కెటమైన్ నొప్పి ఆపుతుంది. అదొక్కటే ఇస్తే కండరాలు సడలవు, మేలుకునేటప్పుడు పంది కొట్టుకుంటుంది. అదే ఏడాది జర్మనీలో పుట్టిన జైలజిన్ కొద్దిపాటి డోసుకే ఆవును పడుకోబెడుతుంది. పందికి దాదాపు ఇరవై ముప్పై రెట్లు కావాలి. ఆవు లెక్క పందికి పనికిరాదు.

సూది ఎక్కడ గుచ్చామన్నదీ అంతే ముఖ్యం. చెవి వెనక మెడ కండలోకి పొడవాటి సూది దిగాలి. పొట్టి సూదితో మందు కొవ్వులోనే ఉండిపోతే పంది పడుకోదు. కంగారుపడి రెండో డోసు ఇచ్చేస్తే, కాసేపటికి రెండూ కలిసి ఊపిరి అణిచేస్తాయి. మగ పందికైతే అజపెరోన్ కిలోకు 1 మి.గ్రా. దాటకూడదు. దాటితే అంగం బయటికి జారి గాయపడే ప్రమాదముంది.

జర్మనీలో మత్తు లేకుండా పందిపిల్లల విత్తులు తీయడాన్ని 2019 నుంచి ఆపాలని 2013లోనే చట్టం చేశారు. గడువు దగ్గరపడ్డాక రెండేళ్లు వాయిదా వేయడంతో 2021 జనవరి 1న గానీ అమల్లోకి రాలేదు. అక్కడ ఒక దారి ఐసోఫ్లురేన్ గ్యాస్, ఇంకోటి అజపెరోన్, కెటమైన్ ఇంజెక్షన్. ఇంజెక్షన్ చేసిన పిల్లలు చాలాసేపు మగతగా ఉంటాయి. ఒళ్లు చల్లబడుతుంది, పాలు తాగలేవు, తల్లి పక్కకు దొర్లితే కింద నలిగిపోతాయి. పూర్తిగా తేరుకునేదాకా వాటిని తల్లికి దూరంగా, వెచ్చగా ఉంచాల్సిందే.