పెళ్ళికొడుకునే రమ్మనే వేట

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్న ఒక పాఠకుడి ప్రశ్న ఇది: "థాంక్స్‌గివింగ్ నవంబరులో కదా, మా ఆఫీసువాళ్ళు ఏప్రిల్‌లో తెల్లవారుజామున నాలుగింటికి లేచి టర్కీ కోడి వేటకి పోతారేంటండీ?"

థాంక్స్‌గివింగ్ పండగనాడు తినేది ఫారంలో పెంచిన టర్కీ. వీళ్ళు వెళ్ళేది అడవి టర్కీ కోసం. వసంతంలో పుంజుల్ని, లేదా రొమ్ము మీద గడ్డంలా కుచ్చు వేలాడే పక్షుల్ని మాత్రమే కొట్టాలని అక్కడి నియమం. అది జతకట్టే కాలం. పుంజు నోరు కట్టుకుని ఉండలేని కాలం.

మన పెళ్ళిచూపులకి మగపెళ్ళివారే అమ్మాయి ఇంటికి వెళ్తారు కదా? టర్కీల మర్యాద దీనికి తలకిందులు. పుంజు ఒకచోట నిలబడి, తోక విప్పి, రెక్కలు నేలకి రాస్తూ పెద్దగా కూస్తుంది. పెట్టలు విని, మనసైతే నడుచుకుంటూ దాని దగ్గరికే వస్తాయి. వేటగాడు పెట్ట గొంతుతో కూసి, పెళ్ళికొడుకునే తన గుమ్మంలోకి రమ్మంటున్నాడు. అంటే ఆ జాతిలో లేని ఆచారం. ఈ వేటలోని యుక్తులు, ఒక్కొక్కరి సొంత బాణీలు దాదాపు అన్నీ ఈ చిక్కుని విప్పడానికి పుట్టినవే.

చిక్కు ఎక్కడ బయటపడుతుందో చూడండి. పుంజు జవాబిస్తూ వస్తూ వస్తూ అరవై డెబ్భై గజాల దూరంలో టక్కున ఆగిపోతుంది. షాట్‌గన్‌ని నమ్ముకోగలిగేది నలభై గజాల లోపే. అక్కడే తోక విప్పి అటూ ఇటూ తిరుగుతుంది. ఇంతదూరం వచ్చాను, ఇక అమ్మాయి గడప దాటాలి కదా అన్నది దాని లెక్క. కొత్తవాడు కంగారుపడి ఇంకా గట్టిగా, ఇంకా ఆత్రంగా కూస్తాడు. పిల్ల అంత ఆత్రంగా ఉందంటే తనే వస్తుందిలే అని పుంజు ఇంకా గట్టిగా బిగదీసుకుంటుంది.

బాణీలు విడిపోయేది ఇక్కడే. ఒకాయన నోరు మూసేసి, పక్కనున్న ఎండుటాకుల్ని వేళ్ళతో గీరతాడు. ఒకటి, ఆగి వెంటవెంటనే రెండు. పెట్ట మేత వెతికేటప్పటి లయ అదే. అమ్మాయికి ఈ సంబంధం మీద ఆసక్తి పోయిందేమో అని పుంజుకి టెన్షన్. ఇంకొందరు జంటగా వెళ్ళి, కూసేవాణ్ణి వెనక చాలా దూరంలో కూర్చోబెడతారు. పుంజు బెట్టుచేస్తూ ఆగే చోటే తుపాకీ ఉంటుంది. నాకు నచ్చింది మూడో పద్ధతి. కూత ఏ చెట్టు మొదట్నుంచి వచ్చిందో పుంజు చెవి దాదాపు ఖచ్చితంగా పట్టేస్తుంది. ఆ చోటు కంటికి ఆనగానే ఆగి, పెట్ట కోసం చూస్తుంది. కాబట్టి దారి మలుపు వెనకో, మిట్ట అవతలో కూర్చోవాలి. పుంజుకి ఆ చోటు మొదటిసారి కనబడేసరికే అది ముప్ఫై గజాల లోపల ఉండాలి.

పెట్టల గుంపు వెంట ఉన్న పుంజుతో మరో బాధ. చుట్టూ ఇంతమంది పెళ్ళికూతుళ్ళు ఉండగా కనబడని పిల్ల కోసం ఎవరు కదులుతారు? దుడుకువాళ్ళు గుంపులోని పెద్ద పెట్టతో కయ్యానికి దిగుతారు. అది ఎలా కూస్తే అలాగే, దాని మాటకి అడ్డుపడుతూ కూస్తారు. అది కోపంతో వస్తే పుంజు వెంట వస్తుంది. ఓపిక ఉన్నవాళ్ళు పొద్దెక్కేదాకా కూర్చుంటారు. పెట్టలు ఒక్కొక్కటే గుడ్డు పెట్టడానికి గూళ్ళకి జారుకుంటాయి, పుంజు ఒంటరిదవుతుంది. పది పన్నెండు గుడ్లయ్యాక ఇరవై ఎనిమిది రోజులు పొదుగుడే, ఇక పెట్ట గూడు వదిలి వచ్చేది కొద్దిసేపే.

కూత విద్య గురించి రెండు మాటలు. పలకరాయి బిళ్ళ మీద పుల్లని పెన్సిల్‌లా పట్టుకుని చిన్న చుట్లు తిప్పుతారు. పుల్ల కొన పట్టుకుంటూ జారుతూ సెకనుకి వందలసార్లు కదలడం వల్ల కూత పుడుతుంది. వయొలిన్ కమాను చేసే పని కూడా ఇదే. బిళ్ళ నున్నబడితే గరుకు కాగితంతో రుద్దాలి, తడిస్తే పలకదు. పెట్టెలా ఉండే బాక్స్ కాల్‌కి 1897లోనే పేటెంటు ఉంది. చెక్క జారకుండా దానికి సుద్ద రాస్తారు.

ఇక గుడ్లగూబ. అది అరిస్తే అపశకునమని మనవాళ్ళు కిటికీలు మూస్తారు. టర్కీ వేటగాడు చీకట్లో నిలబడి తానే గుడ్లగూబలా అరుస్తాడు. చెట్టు మీద పడుకున్న పుంజు ఉండబట్టలేక కూసి, ఎక్కడుందో చెప్పేస్తుంది. ఉరుముకీ, కారు తలుపు చప్పుడుకీ కూడా అంతే.

పెళ్ళికొడుకు చూపు ఎలాంటిదో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో మార్టిన్ షైన్, ఎడ్గర్ హేల్ తేల్చారు. పెంపుడు పుంజుల ముందు పెట్ట బొమ్మ పెట్టి, ఒక్కో భాగం తీసేస్తూ పోయారు. చివరికి పుల్లకి గుచ్చిన తల ఒక్కటే మిగిలినా పుంజు తోక విప్పి సరసమాడింది. మన పల్లెల్లో కౌజుల్ని పట్టడానికి పంజరంలో దీమం పిట్టని, అంటే ఎర పిట్టని, పెట్టేవాళ్ళు (1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక అది నేరం). అమెరికాలో ప్లాస్టిక్ దీమం పిట్టలు అమ్ముతారు, వాటి తల మీద రంగుల శ్రద్ధ అంతా ఇందుకే. పుంజు తల ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లోకి మారుతూ ఉంటుంది. ఆ మూడు రంగులు వేసుకుని అడవికి వెళ్ళొద్దని కొత్తవాళ్ళకి మొదటే చెబుతారు. పక్క వేటగాడు పుంజనుకుని పేల్చే ప్రమాదం ఉంది.

ఒక్కోసారి రెండు పుంజులు కలిసి వస్తాయి. ఒకటి పెళ్ళికొడుకు, రెండోది తోడు పెళ్ళికొడుకు. జతకట్టేది మొదటిదే. మరి రెండోదానికి ఏం లాభం? కాలిఫోర్నియాలో అలన్ క్రాకవర్ డీఎన్ఏ పరీక్షలతో లెక్క తేల్చి 2005లో ప్రచురించాడు. తోడు వెళ్ళేది సాధారణంగా సోదరుడు, వాటి మధ్య సగటు బంధుత్వం (రక్తసంబంధం వల్ల కలిసే జన్యువుల వాటా) 0.42. తోడు వల్ల మొదటిదానికి అదనంగా పుట్టే పిల్లలు 6.1. గుణిస్తే సుమారు 2.6. ఒంటరిగా తిరిగితే తనకి పుట్టేవి 0.9. తీసేస్తే దాదాపు 1.7 మిగులు. బంధువుకి కలిగే లాభాన్ని బంధుత్వంతో గుణిస్తే తన నష్టాన్ని మించాలి, అప్పుడే ఇలాంటి సాయం నిలుస్తుందనేది హామిల్టన్ సూత్రం. దాన్ని మన పాఠాలు తేనెటీగలతోనే ఎందుకు మొదలుపెడతాయో నాకు అర్థం కాదు. పిల్లలకి ఈ అన్నదమ్ముల లెక్క చెబితే ఒక్క పీరియడ్‌లో వంటబడుతుంది.

పుంజుల్ని కొడితే జాతి ఏమవుతుందన్న భయానికి పాత జవాబు పెట్ట ఒంట్లోనే ఉంది. గర్భాశయం, యోని కలిసే చోట సన్నని గొట్టాలుంటాయి. వాటిలో వీర్యకణాలు వారాల తరబడి బతుకుతాయి. ఒకసారి జతకట్టిన పెట్టకి ఆ విడత గుడ్లకి పుంజు మళ్ళీ అక్కర్లేదు. అయితే జతకట్టకముందే పెద్ద పుంజు పోతే? అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లో టర్కీలు తగ్గడంతో ఈ ప్రశ్న గట్టిగా వచ్చింది. జార్జియా 2022లో సీజన్‌ని ఆలస్యంగా మొదలుపెట్టి, ఒక్కొక్కరికి మూడు పుంజుల పరిమితిని రెండు చేసింది. టెనెసీ 2023లో రెండు వారాలు ఆలస్యం చేసింది. మొదటి కూతలన్నీ తమకి దక్కకుండా పోతాయని కొందరు వేటగాళ్ళు గొణిగారు. కానీ ఆలస్యమయ్యేకొద్దీ గూళ్ళకి చేరిన పెట్టలు పెరుగుతాయి, ఒంటరి పుంజు బెట్టు తగ్గి నడిచి వస్తుంది.