పాత స్కీ బోటుకి ఫ్లోరింగ్: పైన ఏం వేయాలో తర్వాత, ముందు కింద చూడండి

నీళ్ళమీద స్కీయింగ్ చేసేవాళ్ళని వెనక లాగే స్కీ బోటు పాతది చేతికొచ్చినవాళ్ళు ముందు అడిగేది ఒకటే: కార్పెట్ వేయించాలా, ఫోమ్ షీట్ అంటించాలా, టేకు పరిపిద్దామా అని. దానికింకా టైముంది. ముందు చిన్న సుత్తి తీసుకుని, దాని పిడితో ఫ్లోర్ మీద జానెడు దూరానికొకసారి కొట్టుకుంటూ వెళ్ళండి. గట్టి చోట టక్కుమంటుంది, పుచ్చిన చోట మూగగా డబ్‌మంటుంది. సీటు బిగించిన స్క్రూ ఒకటి ఊడదీసి చూస్తే సంగతి ఇంకా తేటగా తెలుస్తుంది: టీ డికాషన్ రంగులో నీళ్ళు, వాటితోపాటు తడి పొట్టు బయటికొస్తే ఆ ఫ్లోర్ పని అయిపోయినట్టే.

నీళ్ళమీద స్కీయింగ్ 1922లో అమెరికాలోని మిన్నెసోటాలో మొదలైంది. రాల్ఫ్ శామ్యూల్సన్ అనే కుర్రాడు లేక్ పెపిన్‌లో కాళ్ళకి రెండు చెక్కలు కట్టుకుని బోటు వెనక లాగించుకున్నాడు. 1961లో స్కీ నాటిక్, 1968లో మాస్టర్‌క్రాఫ్ట్ అనే బోట్ల బ్రాండ్లు వచ్చాక ఫైబర్‌గ్లాస్ స్కీ బోట్లు జోరందుకున్నాయి. పాతవాటిలో చాలావాటి లోపలి నిర్మాణం ఒకే తరహా. బయట ఫైబర్ షెల్, లోపల ముందునుంచి వెనక్కి నడిచే చెక్క దూలాలు, వాటిని స్ట్రింగర్లు అంటారు, వాటిమీద ఫైబర్ చుట్టు, ఆపైన ప్లైవుడ్ ఫ్లోర్, ఖాళీల్లో తేలడానికి ఫోమ్. ఫైబర్ బోటు కదా, చెక్క సమస్య ఏముంటుంది అనుకునేవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు.

మన నెల్లూరు, ప్రకాశం తీరంలో అందరిదీ ఒకే నమ్మకం, ఉప్పునీళ్ళే బోటుని తినేస్తాయని. ఇంజనుకి, ఇనుముకి అది నిజమే. చెక్కని కుళ్ళబెట్టడంలో మాత్రం వాననీళ్ళదే పెద్ద చెయ్యి. కుళ్ళబెట్టేది శిలీంధ్రం, దానికి తేమ, గాలి, వెచ్చదనం, తినడానికి చెక్క ఉంటే చాలు. చెక్కలో తేమ 20 శాతం లోపుంటే దాని ఆటలు సాగవు, 30 దాటితే పండగే. ఉప్పు ఎక్కువుంటే చాలా రకాల శిలీంధ్రాలకి గిట్టదు. అందుకే మైపాడులోనో కొత్తపట్నంలోనో రోజూ సముద్రం మీదికెళ్ళే బోటు కంటే, షెడ్డు బయట టార్పాలిన్ కప్పుకుని ఊరికే పడున్న బోటు ముందు పుచ్చుతుంది. మనకి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల్లో పడతాయి. టార్పాలిన్ మధ్యలో గుంటపడి నీళ్ళు నిలిచి, ఒక్కో చుక్కా లోపలికి దిగి, ఫ్లోర్ కింద గాలాడని చోట చేరతాయి. మన వాతావరణంలో వెచ్చదనానికి ఏడాది పొడుగునా కొదవలేదు. ఫ్లోర్ కోసి చూస్తే చెక్క గోధుమరంగుకి తిరిగి, అడ్డంగా నిలువుగా పగిలి, చిన్న చిన్న చతురస్రపు ముక్కలుగా వేళ్ళకి రాలిపోతుంది. శిలీంధ్రం చెక్క నారలోని సెల్యులోజ్‌ని తినేసి, దాన్ని అతికి ఉంచే లిగ్నిన్‌ని వదిలేస్తే కనిపించే రూపం అది.

కాబట్టి ఫ్లోర్ కోసిన రోజు ఫోమ్ కూడా చూడాల్సిందే. పాత పాలీయూరిథేన్ ఫోమ్ పొడిగా ఉంటే ఘనపు మీటరుకి 32 కిలోల దాకా ఉంటుంది. ఏళ్ళ తరబడి నీళ్ళలో నానితే దాని లోపలి చిన్న చిన్న గాలి గదులు పాడై వందల కిలోల నీళ్ళు మోయడం మొదలుపెడుతుంది. పైగా తడి గుడ్డలా స్ట్రింగర్ని అంటిపెట్టుకుని ఉంటుంది. బోటు ఎక్కువ పెట్రోలు తాగుతోందని ఇంజన్ మెకానిక్ చుట్టూ తిరిగేవాళ్ళు ఒకసారి కింద ఫోమ్ పిండి చూసుకుంటే మంచిది. అలాగని తీసేసి ఊరుకోకండి. ఒక్కో లీటరు ఫోమ్ దాదాపు కిలో బరువుని తేలుస్తుంది, బోటు నిండా నీళ్ళొచ్చిన రోజు మనుషులు పట్టుకుని వేలాడేది దాన్నే. కొత్తది పెట్టేటప్పుడు అడుగున నీళ్ళు వెనక్కి పారే దారి వదిలి పెట్టండి. థర్మోకోల్‌తో నింపేద్దాం అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఫైబర్ పొరలు అంటించడానికి వాడే పాలిస్టర్ రెసిన్‌లో ఉండే స్టైరీన్ అనే ద్రావకం దాన్ని కళ్ళముందే కరిగించేస్తుంది, పెట్రోలు తగిలినా అంతే.

ఫ్లోర్‌కి ప్లైవుడ్ అయితే ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై తీసుకోండి. దాని జిగురు 72 గంటలు మరిగే నీళ్ళలో ఉంచినా విడిపోకూడదని పరీక్ష. అయితే ఆ పరీక్ష జిగురుకి. మధ్యలో ఉన్న చెక్క చెక్కే, తేమ తగిలితే అదీ పుచ్చుతుంది. 12 ఎంఎం 8×4 షీటు 20 కిలోలు దాటుతుంది. గ్లాస్ కలిపిన ఫోమ్ బోర్డులు దాదాపు సగం బరువు, వాటిలో పుచ్చడానికి ఏమీ లేదు, కానీ ఖరీదు చూస్తే గుండె గుభేల్‌మంటుంది. నా ఓటు ప్లైకే, ఒక షరతు మీద: కింది వైపు, అంచులు, ప్రతి రంధ్రం లోపలి గోడ కూడా ఎపాక్సీతో (రెండు భాగాలు కలిపితే గట్టిపడే రెసిన్) మూసేయాలి. ఫ్యాక్టరీల్లో చాలాచోట్ల పై వైపే చూసుకుని కింది వైపు వదిలేశారు. చెక్క అడ్డంగా కంటే నారల పొడవునా నీళ్ళు చాలా వేగంగా పీలుస్తుంది, కాబట్టి కోసిన అంచులే అసలు ద్వారాలు. స్క్రూ పడాల్సిన చోట పెద్ద రంధ్రం వేసి, ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక దాని మధ్యలో సన్నగా మళ్ళీ డ్రిల్ చేస్తే స్క్రూకి చెక్క తగలదు. విసుగు పుట్టించే పనే. కానీ ఫ్లోర్ ఎన్నేళ్ళు నిలుస్తుందో తేల్చేది ఇదే.

మన తీరంలో ఫైబర్ బోట్లు బాగుచేసే మేస్త్రీలకి రెసిన్ పని కొట్టిన పిండి. వాళ్ళు వాడేది పాలిస్టర్. కొత్త బోటుకి అది చక్కగా సరిపోతుంది. పాత బోటులో ఎప్పుడో గట్టిపడిపోయిన పొరకి కొత్త పాలిస్టర్ రసాయనికంగా అతకదు, గీరిన గరుకుకి పట్టుకుంటుందంతే. ఎపాక్సీ పట్టు అంతకంటే మెరుగు, స్ట్రింగర్ పనికి నేనదే చెబుతాను. పాలిస్టర్ వాడితే ఒక్కటి గుర్తుంచుకోండి: రెసిన్ని గట్టిపరిచే క్యాటలిస్ట్‌ని, ఆ పని వేగం పెంచే కోబాల్ట్ యాక్సిలరేటర్‌ని నేరుగా ఒకదాంట్లో ఒకటి పోయకండి, పేలుతుంది. ముందు కోబాల్ట్‌ని రెసిన్‌లో బాగా కలిపాకే క్యాటలిస్ట్. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, ఆ ఎండలో బకెట్ నిండా కలిపిన రెసిన్ తన వేడికి తనే ఉడికి పొగలు కక్కుతుంది. వెడల్పాటి ట్రేలో కొంచెం కొంచెం కలుపుకుని, ఎండెక్కకముందే పని ముగించడం మేలు.

ఇప్పుడు పైన ఏం వేయాలో చూద్దాం. కార్పెట్ కాలికి మెత్తగా ఉంటుంది, పాత స్కీ బోట్లలో ఎక్కువగా ఉండేదీ అదే, మన తీరానికి మాత్రం నేను వద్దంటాను. ఒకసారి ఉప్పునీళ్ళు పీల్చాక ఎండినట్టు కనిపించినా, గాలిలో తేమ 75 శాతం దాటితే అందులోని ఉప్పు గాలినుంచే నీళ్ళు లాగి మళ్ళీ తడిసిపోతుంది. మన సముద్రపొడ్డున రాత్రిళ్ళు తేమ ఆ గీత దాటడం మామూలే. అంటే ఆ కార్పెట్ కింద స్క్రూలు రాత్రంతా ఉప్పుతడిలో ఉంటాయి, అలా గాలి తగలని చోట స్టెయిన్‌లెస్ కూడా గుంటలు పడి తినిపోతుంది. సోమశిల లాంటి మంచినీళ్ళలో నడిపే బోటుకి ఉప్పు బాధ ఉండదు, కుళ్ళు బాధ ఉంటుంది.

ఈవీఏ ఫోమ్ షీట్లు, అంటే రబ్బరులా మెత్తగా ఉండే ప్లాస్టిక్ నురగ షీట్లు, ఇప్పుడు ఫ్యాషన్. నీళ్ళు పీల్చవు, స్కీ కట్టుకుని మోకాళ్ళ మీద కూర్చున్నా నొప్పి ఉండదు. ముదురు రంగు తీసుకుంటే మధ్యాహ్నం ఎండకి బాగా వేడెక్కుతుంది, అంచుల దగ్గర జిగురు మెత్తబడి లేస్తుంది, లేచిన అంచు కింద నీళ్ళు చేరతాయి. టేకు అందంగానే ఉంటుంది కానీ బరువు, స్క్రూలు, మెయింటెనెన్సు అన్నీ కలిపి స్కీ బోటుకి అనవసరమైన డాబు.

నేనైతే ఎపాక్సీ ఫ్లోర్ మీద లేత బూడిదరంగు నాన్‌స్కిడ్ పెయింటు వేయించి, మనుషులు నిలబడే చోట మాత్రం తీసి ఆరేసుకోగల మ్యాట్లు పరుస్తాను. కింద ఎక్కడైనా చెమ్మ చేరితే పెయింటు మీద ముందే కనిపిస్తుంది. జారకుండా పెయింటులో ఇసుక చల్లడం మనవాళ్ళ అలవాటు. అది ఒడ్డున ఎత్తుకొచ్చిన ఇసుకైతే ఉప్పు పొర కిందే ఉండిపోయి, పెయింటు గుండా నీళ్ళు లాగి బొబ్బలు లేపుతుంది. పెన్నా ఇసుకైనా కడిగి, ఎండబెట్టి, జల్లించి చల్లాలి. ఉత్త కాళ్ళతో తిరిగే బోటు కాబట్టి ఇసుక బదులు పెయింట్‌లో కలిపే ప్లాస్టిక్ గింజలు దొరికితే అవే వేయించండి, మోకాళ్ళు గీరుకుపోవు.