వేరుశనగ పొర నుంచి ఉబ్బసం మాత్ర దాకా

పలాసలో జీడిపిక్కను కాల్చి, కొట్టి, పప్పును వేడిగదిలో ఆరబెట్టాక దాని మీద ఎర్రటి పొర మిగులుతుంది. అది ఒలిస్తేనే పప్పుకు ధర. పొరతో సహా నోట్లో వేసుకుంటే నాలుక మొద్దుబారేంత వగరు. విజయనగరం వైపు పండే వేరుశనగ గింజ మీది పొరదీ అదే వగరు. అలర్జీకీ, ఉబ్బసానికీ మొక్కల యాంటీఆక్సిడెంట్లంటూ శ్రీకాకుళం మందుల దుకాణాల్లో, ఫోన్ ప్రకటనల్లో కనిపించే సీసాల్లో చాలావాటి సరుకు ఈ వగరు జాతిదే. పైన్ బెరడు, ద్రాక్ష గింజ, గ్రీన్ టీ అని పేర్లు మారతాయి, అంతే. ఈ వగరు ఉబ్బసం దగ్గరికి రావడానికి చాలా చుట్టుదారి పట్టింది.

ఫ్రాన్సులోని బోర్డోలో జాక్ మాస్కెలియే 1947లో ఈ పదార్థాన్ని మొదట వేరు చేసింది వేరుశనగ పొర నుంచే. 1951 నాటికి పైన్ బెరడు నుంచీ, 1970లో ద్రాక్ష గింజల నుంచీ తీసే పద్ధతులు వచ్చాయి. ఆయన చూపు మాత్రం ఊపిరితిత్తుల మీద లేదు. సన్నటి రక్తనాళాల గోడలు గట్టిపడతాయా అన్నదే ఆయన పరిశోధన. అంతకుముందు 1936లో విటమిన్ సి శాస్త్రవేత్త ఆల్బర్ట్ సెంట్ జార్జి ఇలాంటి మొక్కల పదార్థాలకు ‘విటమిన్ పి’ అని పేరు పెట్టాడు. అదీ రక్తనాళాల సంగతే. ఆ పేరు తర్వాత నిలవలేదు.

అమ్మేవాళ్లు ఇంకో కథ చెబుతారు. 1535-36 చలికాలంలో కెనడాలో చిక్కుకున్న జాక్ కార్టియే నావికులు స్కర్వీతో చస్తుంటే, స్థానిక తెగవాళ్లు ఒక చెట్టు ఆకూ బెరడూ కాచి తాగించి బతికించారు. ఇది నిజంగా జరిగింది. కానీ ఆ చెట్టు ఏదన్నది నేటికీ తగువే, సీసాల్లోని సారం తీసే ఫ్రాన్సు తీరపు పైన్ మాత్రం కాదు. పైగా స్కర్వీ విటమిన్ సి లోపం, ఉబ్బసంతో దానికి చుట్టరికం లేదు.

‘యాంటీఆక్సిడెంట్’ అన్న బిరుదు ఆ తర్వాతది. శరీరంలో పుట్టి కణాలను దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన అణువుల వల్లే ముసలితనం వస్తుందని 1956లో డెన్‌హామ్ హార్మన్ ప్రతిపాదించాడు. 1987లో అమెరికాలో మాస్కెలియేకు దక్కిన పేటెంటులో ఈ పదార్థం ఫ్రీ రాడికల్స్‌ను పట్టే మందుగా కొత్త వేషం కట్టింది. ఊపిరితిత్తులు రంగంలోకి వచ్చింది 1994లో. కూరగాయలు తినడం తగ్గి, యాంటీఆక్సిడెంట్లు చాలకే ఉబ్బసం పెరుగుతోందేమోనని ఆంథొనీ సీటన్ బృందం ‘థొరాక్స్’ పత్రికలో రాసింది. వాళ్లు మాట్లాడింది తిండి గురించి. మార్కెట్టు దాన్ని మాత్రగా చదువుకుంది. అదే ఏడాది ఫిన్లండ్‌లో 29 వేల మందికి పైగా పొగతాగే మగవాళ్ల మీద జరిగిన పరీక్షలో, యాంటీఆక్సిడెంటే అయిన బీటా కెరోటిన్ మాత్రలు మింగినవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చింది. ఈ ముక్క ఏ సీసా మీదా కనపడదు.

పైన్ బెరడు సారం (పిక్నోజెనాల్) మీద ఉబ్బసం పరీక్షలు జరగలేదని కాదు. 2001లో 26 మందితో ఒకటి, 2004లో 6 నుంచి 18 ఏళ్ల పిల్లలు 60 మందితో మూడు నెలల పాటు మరొకటి జరిగాయి. మోతాదు కిలో బరువుకు రోజుకు 2 మిల్లీగ్రాముల కన్నా కొంచెం ఎక్కువ. పిల్లలకు ఇన్‌హేలర్ అవసరం తగ్గిందన్నారు. అయితే 2012లో వైద్య పరీక్షలను కలిపి తూచే కోక్రేన్ సంస్థ సమీక్షకులు ఇవన్నీ కలిపి చూసి, మొత్తం 86 మందితో ఏ నిర్ణయానికీ రాలేమని తేల్చారు. అలర్జీ రొంప మీద పరీక్షలు జరిగింది బర్చ్ చెట్టు పుప్పొడితో. మన పొలం గట్ల మీద ఉన్నది వయ్యారిభామ, గాలిలో ఉన్నది రైస్ మిల్లు తౌడు ధూళి, జనపనార మిల్లు నూగు, పరుపుల్లో ఉన్నవి పురుగులు.

పెద్ద పరీక్షలు పెట్టినచోట ఫలితం తేలిపోయింది. సోయా గింజల్లోని ఐసోఫ్లావోన్లనే పదార్థాలను 386 మందికి 24 వారాలు ఇచ్చి చూస్తే ఊపిరి బలం పెరగలేదు (2015). 2012లో ఆస్ట్రేలియా న్యూకాజిల్‌లో 137 మందితో చేసిన పరీక్ష నా లెక్కలో అన్నిటికన్నా విలువైనది. రోజుకు అయిదు వంతుల కూరగాయలు, రెండు వంతుల పండ్లు తిన్నవాళ్లతో పోలిస్తే, అవి తగ్గించినవాళ్లకు ఉబ్బసం తిరగబెట్టే ముప్పు రెండింతలు దాటింది. తగ్గించినవాళ్లలో కొందరికి ఇచ్చిన టమాటా సారం మాత్రలు ఆ లోటు పూడ్చలేకపోయాయి. కారణం ఊహించలేనిదేమీ కాదు. గాజు గొట్టంలో రాడికల్స్‌ను పట్టే వగరు పదార్థం పేగులో కొద్దిగానే ఇంకుతుంది, మిగతాది సూక్ష్మజీవులు విరిచేస్తాయి. గాజు గొట్టంలో యాంటీఆక్సిడెంట్ బలాన్ని కొలిచే ‘ఓరాక్’ అంకెలు చూపి ప్రకటనలు గుప్పిస్తున్నారని అమెరికా వ్యవసాయ శాఖ 2012లో ఆ పట్టికనే తీసేసింది.

మొక్కలు ఉబ్బసానికి పనికిరావని మాత్రం అనుకోకూడదు. మన గట్ల మీది అడ్డసరంలోని వాసిసిన్ ఆధారంగానే కఫం పలచబరిచే బ్రోమ్‌హెక్సిన్ వచ్చింది. టీ ఆకులోంచి 1888లో ఆయాసం మందు థియోఫిలిన్ దొరికింది. ఖెల్లా మొక్క పదార్థం నుంచి 1965లో ఉబ్బసం మందు క్రోమోగ్లైకేట్ వచ్చింది. ఉబ్బసం ఉన్న రోజర్ ఆల్టూన్యన్ తన మీదే దాన్ని పరీక్షించుకున్నాడు. మేకమేయని ఆకును ఢిల్లీలో శివపురి బృందం 1960లలో రోగులకు నమిలించి చూసింది, మేలు కనిపించింది. నోరు పొక్కడం, వాంతి రావడంతో పోలికకు ఇచ్చిన ఉత్తి ఆకు కాక అసలాకు ఎవరికి దక్కిందో రోగులకే తెలిసిపోయే అవకాశం ఉంది. 1979 నాటి మరో పరీక్షలో తేడా కనపడలేదు. వీటిలో నిలిచినవేవీ యాంటీఆక్సిడెంట్ పేరు చెప్పుకొని నిలవలేదు.

ఇక సీసా చేతికొస్తే ముందు వెనకవైపు చదవాలి. 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నంబరుంటే అది చట్టం లెక్కలో తిండి. 2016 నిబంధనల ప్రకారం ‘ఔషధంగా వాడటానికి కాదు’ అని దాని మీదే రాసుండాలి. ఉబ్బసం నయం చేస్తానని చెప్పుకోవడం మందులకు కూడా కుదరదు, నయం చేస్తామని ఏ మందూ చెప్పుకోకూడని జబ్బుల జాబితా అయిన ఔషధ నిబంధనల షెడ్యూల్ జె లో ఆ జబ్బు పేరుంది.

తర్వాత ‘పైపరిన్’ అనే మాట వెతకాలి. పసుపు సారం ఒంటికి పట్టదు కనుక మిరియాల సారం కలుపుతారు. 1998లో బెంగళూరులో పసుపులోని అసలు సరుకైన 2 గ్రాముల కర్‌క్యుమిన్‌కు 20 మిల్లీగ్రాముల పైపరిన్ చేరిస్తే రక్తంలోకి 20 రెట్లు ఎక్కువ చేరింది. చిక్కేమిటంటే, అదే పైపరిన్ రోజుకు 20 మిల్లీగ్రాముల చొప్పున వారం ఇస్తే రక్తంలో థియోఫిలిన్ కూడా పెరుగుతుందని 1991లోనే తేలింది. మన దగ్గర ఆయాసానికి విరివిగా రాసే డెరిఫిలిన్‌లో థియోఫిలిన్ ఉంటుంది. మేలు చేసే మోతాదుకీ హాని చేసే మోతాదుకీ దూరం తక్కువ. గుండె దడ, చేతి వణుకు, వాంతులు మొదలైతే ఉబ్బసం ముదిరిందనుకుని ఇంకో మాత్ర వేసుకునేవాళ్లున్నారు.

ఉద్దానం వాళ్లకు మరో లెక్క ఉంది. కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు ఇంటింటి మాట. రోజూ మింగే పసుపు మాత్రలు మూత్రంలో కిడ్నీ రాళ్లకు దారితీసే ఆక్సలేట్ పెంచుతాయి, ఎక్కువ మోతాదు విటమిన్ సి కూడా అంతే. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోకుండా ఇవి మొదలుపెట్టకూడదు. జీడిపప్పు, వేరుశనగ పడనివాళ్లు వాటి పొర సారం ఉన్న సరుకును ముట్టుకోకూడదు.

అయినా వాడి చూడాలనుకుంటే డాక్టరు రాసిన ఇన్‌హేలర్ ఆపకుండా చూడాలి. వరి కోతల వేళ, కళ్లాల్లో నూర్పిళ్ల ధూళికి ఆయాసం ముదిరినప్పుడు మాత్ర మొదలుపెడితే, సంక్రాంతి దాటి ధూళి అణగగానే వచ్చే ఊరటంతా మాత్ర ఖాతాలో పడుతుంది. అందుకే మాత్రకు ముందు రెండు వారాలు, తర్వాత నాలుగు వారాలు, ఊపిరి ఊదే వేగాన్ని కొలిచే పీక్‌ఫ్లో మీటరుతో ఉదయం, సాయంత్రం మూడేసిసార్లు ఊది, అందులో పెద్ద అంకెను రాసుకోవాలి. ఒంట్లో బాగున్న రోజుల్లోని గరిష్ఠ అంకెలో 80 శాతం కన్నా కిందికి దిగితే డాక్టరుకు చూపించాలి. 50 శాతం కన్నా కిందికి దిగితే ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టమైన స్పేసర్‌తో సాల్‌బ్యుటమాల్ నాలుగు పఫ్‌లు, ఒక్కో పఫ్ విడిగా పీల్చి, వెంటనే 108కి ఫోన్ చేయాలి.