బ్లాక్ పౌడర్ రైఫిల్‌కి గురి ఎలా కుదురుతుంది?

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

అమెరికాలోని న్యూమెక్సికోలో, రేటన్ అనే ఊరి దగ్గర విటింగ్టన్ సెంటర్ అని పెద్ద షూటింగ్ మైదానం ఉంది. అక్కడ 200 మీటర్ల దూరంలో ఇనుప రేకుతో చేసిన కోడి బొమ్మ, 300లో పంది, 385లో టర్కీ, 500లో పొట్టేలు నిలబెడతారు. పంతొమ్మిదో శతాబ్దపు తరహా రైఫిళ్లతో, ఒక్కో తూటా పెట్టుకుంటూ వాటిని పడగొట్టాలి. తూటాలో వాడే తుపాకీ మందు పొగ కక్కే పాతకాలపు బ్లాక్ పౌడర్. బుల్లెట్లు అచ్చులో పోసుకున్న సీసం. అంత పాత సరుకుతో అంత దూరం గురి ఎలా కుదురుతుందని అడిగారు కదా, అదే రాస్తున్నాను.

ముందు ఒక మాట. మన దేశంలో లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం ఆయుధాల చట్టం కింద నేరం. ఇక్కడున్నవాళ్లు ఇది చదివి తెలుసుకోవడానికే. అమెరికాలో ఉన్నవాళ్లు కూడా పని తెలిసిన పెద్దవాళ్లు పక్కన లేకుండా మందు జోలికి, కరిగిన సీసం జోలికి పోకూడదు.

ఈ పోటీల్లో బాగా కనిపించే తూటా 45-70. 1873లో అమెరికా సైన్యం తీసుకుంది. మొదటి అంకె బుల్లెట్ లావు, అంగుళంలో నూరింట 45 వంతులు. రెండోది మందు, 70 గ్రెయిన్లు. ఒక గ్రాముకి సుమారు 15.4 గ్రెయిన్లని గుర్తుంచుకోండి. ఇప్పటి పోటీదారులు 500 గ్రెయిన్ల పైబడిన బరువైన బుల్లెట్ వాడి, మందు కొంచెం తగ్గిస్తారు. వేగం పెంచితే గురి పెరుగుతుందనుకోవడం తప్పు. ప్రతి తూటా దాని ముందుదానిలాగే పేలడమే ఇక్కడ కావలసింది.

బుల్లెట్‌తో మొదలుపెడదాం. వట్టి సీసం మరీ మెత్తన, అందుకే 20 పాళ్ల సీసానికి ఒక పాలు తగరం కలుపుతారు. మందు పేలగానే ఆ దెబ్బకి బుల్లెట్ వెనకభాగం కాస్త ఉబ్బి బారెల్ (తుపాకీ గొట్టం) లోపల మెలికగా చెక్కిన గాళ్లలో బిగుసుకోవాలి. లోహం గట్టిదైతే ఉబ్బదు. వేడి వాయువు పక్కలనుంచి దూరి సీసాన్ని కోసేస్తుంది, ఆ సీసం బారెల్‌కి అంటుకుంటుంది. మరీ మెత్తనైతే ముక్కు ఒక పక్కకి కుంగి, బుల్లెట్ వంకరగా బయటపడుతుంది. ఈ రెంటికీ మధ్య చోటు చాలా ఇరుకు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మందు మార్చడానికి ముందు లోహం పాళ్లు సరిచూసుకోవాలని నా గట్టి అభిప్రాయం.

సీసం 327 సెల్సియస్ డిగ్రీలకి కరుగుతుంది, పోయడానికి 400 దరిదాపుల్లో ఉంచుతారు. పైన తేలే తెట్టులో తగరం కూడా ఉంటుంది. దాన్ని ఊరికే తీసి పారేస్తే పాళ్లు మారిపోతాయి. చిన్న తేనెమైనం ముక్క వేసి బాగా కలిపితే తగరం మళ్లీ లోహంలో కలుస్తుంది, మిగిలిన మట్టి మాత్రం తీసేయాలి. బుల్లెట్ మీద ముడతలు వచ్చాయంటే అచ్చు చల్లగా ఉంది. మంచు పట్టినట్టు తెల్లగా కనిపిస్తే వేడి ఎక్కువైంది. అడుగు అంచు పదునుగా, నిండుగా ఉందో లేదో భూతద్దం పెట్టి చూడండి. బారెల్ మూతి దాటేటప్పుడు ఆఖరున వదిలేది ఆ అంచే. అక్కడ చిన్న నొక్కున్నా వాయువు ఒక వైపు ముందుగా తప్పించుకుని బుల్లెట్‌ని పక్కకి నెడుతుంది. తర్వాత ఒక్కొక్కటీ తూచాలి. మిగతావాటికంటే తేలికగా తూగిందంటే లోపల గాలి బుడగ ఉన్నట్టే, మళ్లీ కరిగించాలి. ఒక్క చుక్క నీళ్లు కరిగిన సీసంలో పడితే ఆవిరై లోహం మొత్తం మీదికి చిమ్ముతుంది. సీసం పొగ, ధూళి పిల్లల మెదడుకి మరీ హాని. కాబట్టి ఈ పని పెద్దవాళ్లే, గాలి ఆడేచోట చేయాలి.

ఇక మందు. ఇత్తడి కేసులో, అంటే మందునీ బుల్లెట్‌నీ పట్టి ఉంచే తూటా గొట్టంలో, బుల్లెట్‌కీ మందుకీ మధ్య ఖాళీ ఉండకూడదు. ఉంటే బారెల్ ఉబ్బి పాడయ్యే ప్రమాదముంది. రెండడుగుల పొడవు గొట్టంలోంచి మెల్లగా జారవిడిస్తే గింజలు దగ్గరగా సర్దుకుంటాయి. దానిపైన ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం అట్టబిళ్ల పెట్టి, డై అనే ప్రత్యేకమైన పనిముట్టుతో నొక్కుతారు. బుల్లెట్‌తో నొక్కితే మెత్తటి సీసం నలిగిపోతుంది. ఎంత నొక్కాలన్నది మందునిబట్టి ఉంటుంది. స్విస్, గోయెక్స్ అని రెండు కంపెనీల బ్లాక్ పౌడర్లున్నాయి. స్విస్‌కి తక్కువ చాలు, గోయెక్స్‌కి ఇంకాస్త ఎక్కువ కావాలి. పొగలేని ఆధునిక మందుని మాత్రం బ్లాక్ పౌడర్ కొలతల్లో ఎప్పుడూ పోయకూడదు, రైఫిల్ పేలి చేతులు పోతాయి.

అసలు చిక్కు పేలిన తర్వాత మొదలవుతుంది. కాలిన మందులో సగానికి పైగా మసిగా మిగిలిపోతుంది. ఎండలో అది పెంకు కట్టి గాళ్లని మూసేస్తుంది, తర్వాతి బుల్లెట్ దాన్ని గీరుకుంటూ వెళ్తుంది. అందుకే బుల్లెట్ ఒంటి చుట్టూ ఉండే గాళ్లలో తేనెమైనం, సహజమైన నూనె కలిపిన కందెన నింపుతారు. పెట్రోలియం నూనెలు వద్దు, మసితో కలిసి తారులా గట్టిపడతాయి. కొట్టిన తర్వాత బారెల్ మూతి చుట్టూ తడి నక్షత్రంలా కందెన కనిపిస్తే సరిపోయినట్టు. పొడిగా, బూడిదరంగులో ఉంటే చాలలేదు. అప్పుడు రైఫిల్ ఖాళీగా ఉందని చూసుకుని, వెనకనుంచి చిన్న గొట్టం పెట్టి ఊపిరి ఊదుతారు. మన ఊపిరిలోని తేమే మసిని మెత్తబరుస్తుంది. లెక్క మాత్రం తప్పకూడదు. ఒకసారి నాలుగు ఊపిర్లయితే ప్రతిసారీ నాలుగే.

పరీక్షించేటప్పుడు ఒక్కసారికి ఒక్కటే మార్చండి. మందు తయారీదారు ప్రచురించిన పరిమితి లోపల ఒక తూకం ఎంచుకుని, ముందు నొక్కుడు కొద్దికొద్దిగా మార్చి చూడాలి. తర్వాత ప్రైమర్ (మందుని అంటించే చిన్న మూత), ఆ తర్వాత అట్టబిళ్ల. మూడు తూటాలతో తీర్పు చెప్పకూడదు, పది కొట్టాలి. లక్ష్యం మీద బుల్లెట్లు తగిలిన గుర్తులు నిలువుగా చెదిరితే ముందు అనుమానించాల్సింది వేగం తేడాని, అంటే మందునో మసినో. అడ్డంగా చెదిరితే ముందు గాలిని అనుమానించండి. దగ్గర్లో ఈ నిలువు తేడా కనపడదు, దూరం పెరిగితేనే బయటపడుతుంది. 1874లో లాంగ్ ఐలండ్‌లోని క్రీడ్‌మూర్ షూటింగ్ మైదానంలో ఐర్లండ్ జట్టుతో అమెరికావాళ్లు పోటీపడింది 800, 900, 1,000 గజాల్లో. 934కి 931, మూడే పాయింట్ల తేడాతో అమెరికావాళ్లు గెలిచారు. వెయ్యి గజాలకి ఇలాంటి బుల్లెట్ దాదాపు మూడు సెకన్లు ప్రయాణిస్తుంది. అంతసేపు కిందికి జారుతూనే ఉంటుంది కాబట్టి వేగంలో కొద్ది తేడా కూడా లక్ష్యం మీద పెద్దదై కనిపిస్తుంది.

పోటీ అయిన రోజే ఇత్తడి కేసులు నీళ్లలో వేయాలి, బారెల్ నీళ్లతో తుడిచి ఆరబెట్టి నూనె రాయాలి. ఆ మసి గాలిలో తేమ పీల్చుకుంటుంది. ఒక్క రాత్రి వదిలేసినా ఇనుముకి తుప్పు మొదలవుతుంది.

మీ తాతయ్య